మనోవర్తి ఎకరం

రిజిస్ట్రారాఫీసు గోడ నిండా వేలి మరకలే. లోపల నిశానీ వేసి వచ్చినవాడల్లా ఇంకు బొటనవేలు ఈ గోడకే తుడిచాడు. నడుం ఎత్తు నుంచి తల ఎత్తు దాకా నల్లగా, ఒకదాని మీద ఒకటి. కొన్ని పొడుగ్గా సాగాయి, కొన్ని గుండ్రంగా అద్దుకున్నాయి. అమ్ముకున్నవాడి మరక ఏదో కొనుక్కున్నవాడి మరక ఏదో చెప్పలేం. మా వంతుకి గంట పడుతుందని రైటరు శాంతయ్యగారు చెప్పి తన రేకుల పంచలోకి వెళ్ళిపోయారు. ఈ పేటలో దస్తావేజులు రాయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మా ముందు నలుగురు అన్నదమ్ముల పంపకం ఉంది. పదకొండు మంది సంతకాలు, నిశానీలు. వాళ్ళ తల్లిని మంచంతో సహా ఎడ్లబండి మీద తెచ్చారు. మంచం దించి వసారాలో నీడకి పెట్టారు, నాకు నాలుగు బారల దూరంలో. బెంచీ మీద నాకు కుడి పక్క నా కొడుకు భవానీప్రసాద్, ఎడమ పక్క సాక్షి సంతకానికి వచ్చిన మా ఊరి రత్తయ్య. కోడలు సామ్రాజ్యం బెంచీ మీద కూర్చోదు. మెట్ల మీద కూర్చుంది, ఒళ్ళో అన్నం కారియరు. నా చేతిలో మూడు స్టాంపు కాయితాలు. అయిదో తరగతి దాకా చదివాను, దస్తావేజు చదువుకోవడానికి అది చాలు. రెండుసార్లు చదివాను. ఒక ఎకరం. నాలుగెకరాలు వాడి పేరున పెట్టి అయిదేళ్ళయింది, ఎరువుల కొట్టు పెట్టుకోవడానికి. మిగిలింది ఈ ఎకరం. ఇది కూడా ఇవాళ సంతకం పెడితే వాడిది. పెట్టాక నాకు మిగిలేది ఈ కాయితంలో వాడు ఒప్పుకున్న మాటలు.

ఆ మాటలు నేనే చెప్పి రాయించాను. వారం పట్టింది. పొద్దున ఆరింటికి కాఫీ, సాయంత్రం నాలుగింటికి కాఫీ. రెండు పూటలా వేడి అన్నం, ఒక పూట పెరుగు. ఏడాదికి రెండు జతల పంచెలు, ఒక దుప్పటి. చలికాలం వేడినీళ్ళు. కన్ను ఆపరేషనయితే నందిగామ తీసుకెళ్ళడం, బస్సు చార్జీలతో సహా. ముందు గది నాకే, అందులో ఎరువుల బస్తాలు పెట్టకూడదు. శాంతయ్యగారు పధ్నాలుగో షరతు దగ్గర కలం ఆపి కళ్ళద్దాలు తీశారు. "సాంబయ్యగారూ, ఇది దస్తావేజాండీ, హోటల్లో గోడకి రాసే పట్టీనా? పెరుగు తోడుకోకపోతే ఎవరి మీద కేసు వెయ్యమంటారు?" రత్తయ్య పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. శాంతయ్యగారు మంచివాడే, ఆదివారం చర్చిలో ప్రసంగం కూడా చెప్తాడంటారు, ఆ అలవాటు మీదనే నాకు ఓపిగ్గా చెప్పాడు. వీలునామా అయితే రేపే చించుకోవచ్చు, మీరు కళ్ళు మూసేదాకా పొలం మీదే. సెటిల్మెంటు అయితే ఇచ్చింది ఇచ్చినట్టే, వెనక్కి రాదు. ఇప్పుడు కొత్త చట్టంలో కన్నవాళ్ళు కూడా మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళి బిడ్డల మీద భత్యం అడగొచ్చు, నెలకి అయిదొందల లోపు. నేను అడిగాను, కోర్టు డబ్బు ఇప్పిస్తుంది సరే, పక్క తిప్పిస్తుందా అని. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరం కూడా లేదు. మా వాడికి మటుకు వీలునామా పనికిరాదు. "వీలునామా పట్టుకెళ్తే బ్యాంకు వాళ్ళు కుర్చీ కూడా వెయ్యరు నాన్నా" అన్నాడు. కొట్టు పెద్దది చెయ్యాలి. సాగర్ కాలవ వచ్చాక ఈ చుట్టుపక్కల పత్తికీ మిరపకీ మందులు కొట్టనివాడు లేడు, కొట్టు పెద్దదవుతుంది, నేను కాదనను. నా బాధ కొట్టు కాదు. నా బాధ నా ఎడమ కాలు.

మంచం మీది ముసలామె మూలిగింది. పెద్ద మూలుగు కాదు. ఆ మంచం దగ్గర్నించి వచ్చే వాసన నాకు తెలుసు. పౌడరు వాసన పైన, దాని కింద ఇంకోటి. కొడుకులు నలుగురూ అటు తిరిగి నిలబడి బీడీలు కాలుస్తున్నారు. ఒకడు అప్పుడప్పుడూ వచ్చి ఆమె ఎడమ చెయ్యి దుప్పట్లోంచి తీసి బయట పెట్టి పోతున్నాడు, నిశానీకి సిద్ధంగా. ఆమె మళ్ళీ లోపలికి లాక్కుంటోంది. మా అమ్మ దుర్గాంబ కూడా ఇలాగే, ఎవరు చెయ్యి పట్టుకున్నా నిశానీకేనని భయపడేది. మా నాన్న పోయాక పంపకాలు చేసినప్పుడు పెద్దమనుషులు మా అన్న కృష్ణయ్యకి నాలుగు, నాకు నాలుగు ఇచ్చి ఒక ఎకరం అమ్మ మనోవర్తికి తీసిపెట్టారు. మా వైపు అందరూ చేసే పనే. ముసలివాళ్ళకి కొంత పొలం ఉంచుతారు, దాని మీద వచ్చింది తిని బతుకుతారు, చివరిదాకా చూసినవాళ్ళకి ఆ పొలం పోతుంది. కాయితంలో కరణం ఒక్క ముక్క రాశాడు, ఎవరు సాకితే వారికి. అంతే. సాకడమంటే ఏమిటో రాయలేదు. అన్నం పెట్టడమా, ఇంట్లో ఉంచుకోవడమా, ఎత్తి కడగడమా. రాసినవాడికీ విన్నవాళ్ళకీ అందరికీ తెలిసినట్టే ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. అమ్మ తిరిగినన్నాళ్ళూ అన్న ఇంట్లో ఉంది, తొమ్మిదేళ్ళు. అప్పుడా ఎకరంలో జొన్న తప్ప ఏదీ పండేది కాదు. నేను ఆమె వైపు చూడలేదు. తర్వాత కాలవ తవ్వుతున్నారన్నారు, రాళ్ళు పాతారు, ఆ ఎకరం కాలవ కిందకి వస్తుందని తేలింది. అదే ఏడు అమ్మ నూతి దగ్గర పడి తుంటి విరిగింది. నెల తిరక్కుండా బండి కట్టుకుని వెళ్ళి అమ్మని మా ఇంటికి తెచ్చాను. అన్న అడ్డం నిలబడితే, చచ్చేదాకా నేనే చూస్తా, నీకేం నొప్పి అన్నాను. బండి మీద గడ్డి ఎక్కువ పరిచానా లేదా గుర్తులేదు. దారిలో అమ్మ అరిచింది మటుకు గుర్తుంది. నేను ఎడ్లని అదిలించాను.

మూడేళ్ళు ఉంది అలా. నేను సాకానని చెప్పుకున్న మూడేళ్ళు. నేను చేసింది చెప్పాలంటే, మంచం నేయించాను, ఆరెంపీ డాక్టరుకి కబురు పెట్టాను, వచ్చినవాళ్ళతో అమ్మ ఎలా ఉందో వసారాలో కూర్చుని చెప్పాను. లోపలికి వెళ్ళేది రాఘవమ్మ. నా భార్య. అమ్మ కింద పరవడానికి తన పాత చీరలన్నీ ఆ మూడేళ్ళలో చింపింది. చీర చింపే చప్పుడు పొద్దున్నే వినిపించేది, దాంతో నాకు మెలకువ వచ్చేది, విసుక్కునేవాణ్ణి. అమ్మ పోయాక వేదాద్రిలో కృష్ణలో కలిపి వచ్చిన పక్షం రోజులకే అన్న నందిగామ కోర్టులో దావా వేశాడు. తొమ్మిదేళ్ళు నేను సాకా, మూడేళ్ళు వాడు, ఎకరం నాకే రావాలి. అప్పటికి ఎకరంలో నీళ్ళు పారుతున్నాయి. రెండేళ్ళు తిరిగాం. నా సాక్ష్యం రోజున అన్న తరఫు వకీలు చాలా మర్యాదగా అడిగాడు. "సాంబయ్యగారూ, మూడేళ్ళు మీరే సాకానంటున్నారు. మీ అమ్మగారికి ఒంటి మీద పుండ్లు పడ్డాయాండీ?" పడ్డాయండి అన్నాను. "ఎక్కడ?" కుడి పక్కనండి అన్నాను. ఏదో ఒకటి చెప్పాలిగా. ఆయన డాక్టరు రాసిచ్చిన కాయితం తీసి జడ్జిగారికిచ్చి కూర్చున్నాడు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. అన్న నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుని నేను ఇప్పటికీ క్షమించలేదు. అన్న పోయి నాలుగేళ్ళయింది. పోయినా క్షమించలేదు.

గెలిపించింది రాఘవమ్మ. వాయిదా తీసుకుని మా వకీలు ఆమెని బోనెక్కించాడు. బావగారి ఎదుట తలెత్తి మాట్లాడని మనిషి. అన్న తరఫు వకీలు అదే ప్రశ్న అడిగితే, పక్కన కాదండి, తోక ఎముక దగ్గర అంది. రూపాయి బిళ్ళంత మొదలైంది, అరచెయ్యంత అయింది, తర్వాత ఎడమ మడమ. వేపాకు నీళ్ళతో కడిగేదాన్ని, కొబ్బరినూనె రాసేదాన్ని, పొద్దున పూట తూర్పుకి తిప్పేదాన్ని, మధ్యాహ్నం పడమరకి, ఎండ కళ్ళలో పడకుండా. అన్నం మానేసిన నెలలో ఏం పెట్టిందీ, ఎన్ని స్పూన్లు దిగిందీ చెప్పింది. ఆయన మధ్యలో చాలమ్మా అన్నాడు. చాలదండి, మీరు అడిగారుగా అంది. జడ్జిగారు ఆమెకి స్టూలు వేయించారు. డిక్రీ నా పేరున వచ్చింది. ఆ రోజు నందిగామ బస్టాండులో రెండు మైసూరుపాకులు కొన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె అంది, "గెలిచింది నేనేగా. ఆ ఎకరం నా పేరున పెట్టరాదూ?" నేను నవ్వాను. నీ పేరునా, నీకెందుకు పొలం, దున్నుతావా అన్నాను. వెనక సీట్లో ఎవరో కూడా నవ్వారు. ఆమె పొట్లం మళ్ళీ కట్టి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే పెట్టేవాణ్ణేమో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. అది అబద్ధం. పెట్టేవాణ్ణి కాదు.

వీధి అవతల బడిలో గంట కొట్టారు. నేను బెంచీ మీద కుడి నుంచి ఎడమకి ఒరిగాను. అలవాటు. మా ఇంటి వెనకే బడి, నేను చదివిన బడే. రాఘవమ్మ మంచాన పడ్డాక ఆ గంటే గడియారం. మొదట ఆమె ఎడమ చేతిలోంచి చెంబు జారింది. నీళ్ళు ఒలికాయి, ఆమె చేతి వంక చూసుకుంది, చెంబు వంక కాదు. వారం తర్వాత మళ్ళీ జారింది. నెల తిరక్కుండా ఎడమ పక్క మొత్తం పోయింది. నందిగామలో డాక్టరు చూసి, ఇంటికి తీసుకెళ్ళండి, చేసేది ఏమున్నా అక్కడే అన్నాడు. చేసింది సామ్రాజ్యం. వచ్చి రెండేళ్ళయిన కోడలు. నాలుగు నెలలు ఒక్కతే ఎత్తింది, దించింది. ఒకరోజు నడుం పట్టేసి గడప దగ్గర కూర్చుండిపోయింది, లేవలేదు. అప్పుడు ఊరవతల పాలెం నుంచి కృపావతిని పిలిచాం. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. రాఘవమ్మ ఒప్పుకోలేదు. వెనక వసారా దాటి రావద్దంది. నోరు వంకర పోయినా ఆ మాట మటుకు స్పష్టంగా వచ్చింది. కృపావతి వెళ్ళిపోలేదు. వసారాలోనే కూర్చుని, "అమ్మగారూ, ఇక్కణ్ణించి ఎత్తడానికి నా చెయ్యి అంత పొడుగు లేదండీ" అంది. రాఘవమ్మ సగం మూతితో నవ్వింది. మూడో వారానికి ఆమె చేత్తో పెడితేనే తినేది. నేను పెడితే ఊసేది. కృపావతి బడిగంటలు లెక్కపెట్టుకునేది, మూడో గంటకోసారి పక్క తిప్పేది. సెలవు రోజుల్లో గోడ మీది నీడని చూసుకుని తిప్పేది. నేను వసారాలో. అదే వసారా. ఈసారి వచ్చినవాళ్ళతో చెప్పడానికి కూడా నాకేమీ తెలియదు. పధ్నాలుగు నెలలు. పోయిన రోజున కృపావతి స్నానం చేయించి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఒంటి మీద ఒక్క పుండు లేకుండా పంపించామండీ అయ్యగారూ" అంది. గెలిచినట్టు చెప్పింది. నేను కూలి ఇచ్చాను.

ఇప్పుడు నా వంతు. కాలి చెప్పు చెప్తోంది. ఎడమ చెప్పు కాలికి నిలవడం లేదు. నడుస్తుంటే ఎక్కడో జారిపోతుంది, జారినట్టు తెలియదు, నాలుగడుగులు వేశాక నేల వేడికి తెలుస్తుంది. ఎవరికీ చెప్పలేదు. పొలం నుంచి వస్తూ రెండుసార్లు వెనక్కెళ్ళి తెచ్చుకున్నాను. చెంబయినా చెప్పయినా జారడం ఒకటే. ఎన్నాళ్ళుందో తెలియదు, నెలో ఏడాదో. అందుకే వారం రోజులు కూర్చుని షరతులు రాయించాను. చేతిలో ఉన్న మూడు కాయితాలు మళ్ళీ చదివాను. కాఫీ ఉంది. పంచెలున్నాయి. దుప్పటి ఉంది. పక్క తిప్పడం లేదు. ఎలా రాయించాలో తెలియలేదు. సదరు భవానీప్రసాద్ నన్ను మూడు గంటలకోసారి పక్క తిప్పవలెను అని రాస్తే సబ్ రిజిస్ట్రారు నవ్వుతాడు. వాడు తిప్పడు. వాణ్ణి కన్నది నేనే, వాడెలాంటివాడో నాకు తెలుసు. చెడ్డవాడు కాదు. మంచం నేయిస్తాడు. డాక్టరుకి కబురు పెడతాడు. వసారాలో కూర్చుని వచ్చినవాళ్ళకి చెప్తాడు, నాన్నకి ఏ లోటూ లేదండీ అని. ఎవరు సాకితే వారికి అని కరణం రాసినప్పుడు సాకేది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, కాయితం మీద మటుకు కొడుకు పేరు రాశారు. నేనూ అదే రాయించాను. అన్నీ చూసి, రెండు మంచాలు చూసి, మళ్ళీ అదే తప్పు.

"నాన్నా, ఆకలేస్తే తినెయ్. ఇంకా అరగంట పట్టేట్టుంది" అన్నాడు వాడు. సామ్రాజ్యం కారియరు తెచ్చి బెంచీ మీద పెట్టింది. దాని చుట్టూ కట్టిన గుడ్డ ఆకుపచ్చ నేత చీర ముక్క, కనకాంబరం రంగు అంచు. రాఘవమ్మది. అంచు దగ్గర సూటిగా చింపి ఉంది, ఆమె చింపినట్టే. నాకు తినాలనిపించలేదు. మంచం మీది ముసలామె కొడుకులు వచ్చి ఆమెని లేపబోయారు. ఒకడు తల వైపు, ఒకడు కాళ్ళ వైపు పట్టుకుని లాగారు. ఆమె అరిచింది. సామ్రాజ్యం వాళ్ళ మధ్యలోకి వెళ్ళింది, ఎవరూ పిలవకుండానే. "అలా లాగకండి, తోలు లేచిపోద్ది. దుప్పటితో సహా ఎత్తాలి, నాలుగు కొసలూ పట్టుకోండి" అంది. మీసాలున్న పెద్దకొడుకు కొస పట్టుకున్నాడు. ఎత్తారు. ఆమె ఈసారి అరవలేదు. రత్తయ్య నా చెవి దగ్గర, "మీ కోడలికి ఊరందరి మీదా అధికారమేనే" అన్నాడు. నేను భవానీప్రసాద్ వైపు తిరిగాను. ఆ వకీలు ఎంత మర్యాదగా అడిగాడో అంత మర్యాదగా అడిగాను.

"ఒరే ప్రసాదూ, మీ అమ్మకి పుండ్లు ఎక్కడ పడ్డాయిరా?"

వాడు బిత్తరపోయాడు. "ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ?"

"చెప్పు."

"నడుం దగ్గరనుకుంటా. కుడి పక్కన."

సామ్రాజ్యం వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చోబోతూ ఆగింది. "ఎక్కడా పడలేదు" అంది. "పధ్నాలుగు నెలల్లో ఒక్కటి పడలేదు. కృపావతీ నేనూ పడనిస్తామా?"

"ఇదేమన్నా కోర్టా?" అన్నాడు వాడు, మొహం ఎర్రగా చేసుకుని.

"కాదులే. కోర్టులో నేనూ కుడి పక్కనే అన్నా" అన్నాను.

లేచి శాంతయ్యగారి పంచలోకి వెళ్ళాను. ఎడమ చెప్పు బెంచీ కిందే ఉండిపోయింది. కాయితాలు బల్ల మీద పెట్టి భవానీప్రసాద్ పేరు తీసి సామ్రాజ్యం పేరు రాయండి అన్నాను. శాంతయ్యగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. స్టాంపులు మళ్ళీ కొనాలి, మొత్తం మళ్ళీ రాయాలి, వంతు పోతుంది అన్నారు. పోనీయండి అన్నాను. వెనకే ముగ్గురూ వచ్చారు. సామ్రాజ్యం నా చెప్పు తెచ్చి కాలి దగ్గర పెట్టింది. పెట్టి, నిలబడింది. "నా పేరున వద్దు మావయ్యా" అంది.

నేను అనుకోనిది అదే. పొలం వద్దనేవాళ్ళని మా ఇంట్లో నేను చూడలేదు. ఎందుకు వద్దు అన్నాను. ఆమె మొగుడి వైపు చూడలేదు, రత్తయ్య వైపు చూడలేదు. నా కాలి వైపు చూసింది. "ఇరవై రోజుల్నించి ఆ చెప్పు జారిపోతోంది. నేను చూళ్ళేదనుకున్నారా? మీరు వెనక్కెళ్ళి తెచ్చుకోని రోజు నేనే తెచ్చి గుమ్మంలో పెట్టా." వాడు, ఏం చెప్పు, ఏంటి అంటున్నాడు. ఆమె ఆగలేదు. "ఊరికే నా పేరున రాస్తే నేను కట్టుబడిపోతా. రేపు ఎత్తలేకపోతే, పొలం తీసుకుంది ఎత్తలేదు అంటారు. అత్తయ్యని ఎత్తిన నడుం ఇది, ఇంకా సర్దుకోలేదు. మీరు అత్తయ్య కంటే బరువు. ఒక్కదాన్ని నా వల్ల కాదు. మీ మంచం దగ్గరికి కృపావతి రావాలి. ఆమె కూలి ఎవరిస్తారు, ఎందులోంచి ఇస్తారు, అది రాయించండి ముందు. ఎకరం మీ పేరునే ఉండనీయండి. దాని మీద వచ్చింది ఆమెకివ్వండి. నాకు ఇవ్వాలని ఉంటే మీ తర్వాత ఇవ్వండి. కాఫీలూ పెరుగులూ రాయక్కర్లేదు, అవి నేనెలాగూ పెడతా."

శాంతయ్యగారు కలం టోపీ తీశారు. "ఇదీ షరతంటే" అన్నారు. "నలభై ఏళ్ళుగా రాస్తున్నానండీ, ముసలివాళ్ళకి తిండి రాశాను, బట్ట రాశాను, కర్మకాండ రాశాను. ఎత్తే మనిషి కూలి ఎవరూ రాయించలేదు." భవానీప్రసాద్, మరి నా లోను అన్నాడు. నాలుగెకరాలున్నాయిగా, వాటి మీద అడుగు అన్నాను. రత్తయ్య వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎకరం యాడికి పోయిందిరా? నీ పెళ్ళాం దగ్గరేగా. ఇక ఆమెతో మంచిగా ఉండటం నేర్చుకో." వాడు చెయ్యి విదిలించుకుని బయటికి పోయాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తే స్టాంపు వెండరు ముందు నిలబడి చొక్కా జేబు తడుముకుంటున్నాడు. కాయితాలు తనే కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. నా మొహం చూడలేదు. వాడికి నా వయసొచ్చాక వాడి కొడుకు వాణ్ణి ఏ ప్రశ్న అడుగుతాడో చూడ్డానికి నేనుండను.

శాంతయ్యగారు రాస్తూ పైకి చదివారు. నా యావజ్జీవం సదరు ఎకరం నా స్వాధీనంలోనే ఉండును. దాని ఫలసాయం ముందుగా నన్ను ఎత్తి దించి పక్క తిప్పుటకు పెట్టిన మనిషి కూలికి ఇవ్వవలెను, ఆ మనిషిని నిర్ణయించుట నా కోడలు సామ్రాజ్యం ఇష్టము. మిగిలినది నా వైద్యమునకు. నా తదనంతరం సదరు ఎకరం సామ్రాజ్యమునకు సర్వహక్కులతో చెందును. ఇందులో ఎవరు సాకితే అన్న మాట లేదు. తర్వాత పొలం నాకు ఎలా వచ్చిందో రాసే చోటికి వచ్చారు. పాత కాయితంలోంచి ఎత్తి రాయబోతున్నారు. నా తల్లి దుర్గాంబను నేను సాకినందున కోర్టు డిక్రీ ద్వారా నాకు సంక్రమించిన. ఆపండి అన్నాను. "'నేను' తీసెయ్యండి. నా భార్య రాఘవమ్మ సాకినందున అని రాయండి."

"డిక్రీ మీ పేరున ఉందండి. ఇది అవసరం లేదు కూడా."

"డిక్రీ నా పేరునే ఉండనీయండి. ఆమె సాకినందున నాకు డిక్రీ వచ్చింది. అలా రాయండి."

రాశారు. ఆమె పేరు ఒక పొలం కాయితం మీదకి రావడం అదే మొదలు. బస్సులో అడిగి పదేళ్ళు కావస్తోంది. దీనివల్ల ఆమెకి వచ్చేది ఏమీ లేదు. నాకు తెలుసు.

మధ్యాహ్నం గంట కొట్టాక పిలిచారు. సబ్ రిజిస్ట్రారు అడిగాడు, ఇందులో రాసింది తెలుసా అని. తెలుసండి. ఎవరి బలవంతమైనా ఉందా అని. లేదండి. రత్తయ్య వెనక దగ్గాడు. సంతకం పెట్టాను, ఎడమ బొటనవేలు ఇంకులో అద్ది పుస్తకంలో వేశాను. వేలు సరిగ్గా అదిమానో లేదో నాకు తెలియలేదు, గుమాస్తా పట్టుకుని అదిమాడు. బయటికొచ్చాం. మంచం వెళ్ళిపోయింది, బండి చక్రాల గాడి ఉంది. బెంచీ మీద కారియరు, దాని పక్కన విప్పి మడత పెట్టిన ఆకుపచ్చ గుడ్డ. వేలు తుడవడానికి అందుకున్నాను. సామ్రాజ్యం నా చేతిలోంచి లాక్కుంది. "దానికి ఇంకు పూయకండి మావయ్యా. మెత్తగా ఉంది, ముందు ముందు పనికొస్తుంది" అంది. ఎవరికి పనికొస్తుందో చెప్పలేదు, నేను అడగలేదు. గోడ వైపు తిరిగాను. తల ఎత్తు దాకా ఖాళీ లేదు. కింద, బెంచీ కోడు దగ్గర, పడుకున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో కొంచెం తెల్లగా ఉంది. వంగి అక్కడ తుడిచాను.